కందిపప్పుకు ఆమెన్

జ్ఞానమణి గొంతు గురించి కర్నూలులో చెప్పుకునే కథల్లో సగం అబద్ధం. మిగతా సగం నిజమే గాని ఎవరూ నమ్మరు.

ఆమె పుట్టింది బేతంచెర్ల పక్క ఊళ్ళో. ఇంటి గోడకు ఆనుకునే నాపరాళ్ళ పాలిష్ ఫ్యాక్టరీ. తెల్లవారి మొదలైన మిషన్లు చీకటి పడేదాకా గీపెడుతూనే ఉంటాయి. ఆ ఇంట్లో ఉప్పు అందుకోమనాలన్నా కేక పెట్టాల్సిందే. వాళ్ళమ్మ జోలపాట కూడా కేకేసే పాడేదట. బిడ్డ నిద్రపోయిందో, బెదిరి కళ్ళు మూసుకుందో తెలిసేది కాదట. అలా పెరిగిన గొంతు. పెళ్ళికి ముందు ఒకసారి, రైలెక్కిన మేనత్త మజ్జిగ సీసా మరిచిపోయిందని ప్లాట్‌ఫారం మీద నిలబడి "అత్తా, ఆగు" అని పిలిస్తే, అవతలి పట్టాల మీద పోతున్న గూడ్సు బండి ఆగిందని చెబుతారు. గార్డు దిగివచ్చి తనతో ఏం పని పడిందని అడిగాడట. మేనత్త ఎక్కిన బండి మాత్రం ఆగలేదు.

ఆమెను చేసుకున్న యేసుప్రసాద్ నాపరాళ్ళ లారీ డ్రైవరు. ఇంజను పక్కన కూర్చుని కూర్చుని అతనికి చెవులు కొంచెం మందగించాయి. దేవుడు జతపరిచాడని పెళ్ళిలో పాస్టరుగారు అన్న మాట ఆ విధంగా నిజమైంది. కాపురం కర్నూలులో. ఇంట్లో అత్త విశ్వాసమ్మ, పొలం పనులు మానేసినా నోటికి మాత్రం విశ్రాంతి ఇవ్వని మనిషి. ఆదివారం చర్చిలో ప్రకటనలు చదివేది జ్ఞానమణే. ఎవరింట్లో కృతజ్ఞత కూటం, స్త్రీల సమాజం ఏ రోజు, ఎవరు ఆసుపత్రిలో ఉన్నారు, అన్నీ చదివి, చివర చిన్న ప్రార్థన చేసి ఆమెన్ అంటుంది. ఆ ఆమెన్‌కు చర్చి పైకప్పు మీది పావురాలు ఒక్కసారి లేచి, మళ్ళీ కూర్చుంటాయి.

మిగతా వారమంతా ఆమె తుంగా మార్ట్‌లో ఉద్యోగం చేసేది. బియ్యం నుంచి బకెట్ల దాకా అన్నీ దొరికే రెండంతస్తుల అంగడి. యజమాని చంద్రమోహన్‌ది ఎమ్మిగనూరు వైపు చేనేత కుటుంబం. తండ్రి రామలింగప్ప జీవితమంతా మగ్గం గుంటలో కూర్చుని చీరలు నేశాడు. కొడుకు ఆ చీరలు అమ్మి, తర్వాత అందరి చీరలూ అమ్మి, చివరికి చీరలు తప్ప అన్నీ అమ్మే ఈ అంగడి పెట్టాడు. అతనికి ఒక సిద్ధాంతం ఉంది. అంగట్లో పనిచేసే మనిషి కూర్చుంటే చూసేవాడికి నిద్రొస్తుంది, నిద్రొచ్చినవాడు ఏమీ కొనడు. అందుకని తుంగా మార్ట్‌లో సరుకు కూర్చోవచ్చు, బస్తాలు పడుకోవచ్చు, మనుషులు మాత్రం నిలబడాలి. మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు మాత్రం స్టోర్ రూములో బియ్యం మూటల మీద కూర్చోనిస్తారు. పప్పుల సెక్షన్‌లో పనిచేసే ఉరుకుందమ్మ అన్నం నెమ్మదిగా నమిలేది, ఆకలి తక్కువై కాదు, మూట మీద ఇంకాసేపు ఉండవచ్చని.

జ్ఞానమణి కూడా పప్పుల సెక్షన్‌లోనే నిలబడింది. ఏళ్ళ తరబడి నిలబడింది. మోకాళ్ళ కింద నరాలు నీలంగా ఉబ్బి, హంద్రీ వచ్చి తుంగభద్రలో కలిసినట్టు పిక్క మీద కలిశాయి. పెద్దాసుపత్రి డాక్టరమ్మ ఆ కాలు చూసి, "ఇంక నిలబడకుండా చేసే పని చూసుకోమ్మా. ఇట్లే నిలబడితే ఇవి పుండ్లయితాయి. పుండు పడితే మానడం కష్టం" అంది. నిలబడకుండా చేసే పనులు కర్నూలులో ఏవేవి ఉన్నాయో డాక్టరమ్మ చెప్పలేదు.

తుంగా మార్ట్‌లో అలాంటి పని ఒకే ఒక్కటి ఉంది. వాకిలి పక్కన మైకు కౌంటరు. బల్ల మీద మైకు, బల్ల వెనక ఒక చేయి విరిగిన చక్రాల కుర్చీ. అంగడి మొత్తానికి అది ఒక్కటే కుర్చీ. మైకు వైరు పొట్టిది, నిలబడితే నోటికి అందదు, అందుకని పెట్టారు తప్ప దయతో కాదు. అక్కడ కూర్చునే ప్రేమజ్యోతి పెళ్ళై కడపకు వెళ్ళిపోయింది. కుర్చీ ఖాళీ అయింది. దాన్ని చూడని ఉద్యోగి లేడు, చూసినట్టు కనిపించిన ఉద్యోగీ లేడు.

ఆ వారంలోనే కోడుమూరు వైపు నుంచి వచ్చిన గిడ్డమ్మ అనే ముసలామె సబ్బుల వరుసల మధ్య తప్పిపోయింది. ఏ దారిలో పోయినా సబ్బులే వస్తున్నాయని ఏడుస్తూ నిలబడింది. జ్ఞానమణి ఆమె చేయి పట్టుకుని మైకు దగ్గరికి తీసుకొచ్చి, "గిడ్డమ్మ గారి కొడుకు యాడున్నా సరే, మైకు కాడికి రావల్ల, మీయమ్మ ఏడుస్తాంది" అంది. కొడుకు పరుగెత్తుకొచ్చాడు. అతని వెనకే, తమ అమ్మ పేరు గిడ్డమ్మ కాకపోయినా, ఎందుకైనా మంచిదని ఇంకో ఇద్దరు కొడుకులు కూడా వచ్చారు. బయట ఆటోస్టాండు నుంచి ఒక డ్రైవరు తన తల్లికి ఫోన్ చేశాడని కూడా అంటారు. చంద్రమోహన్ అంతా చూశాడు. మరునాటి నుంచి కుర్చీ జ్ఞానమణిది.

కూర్చోవడం అలవాటయ్యే లోపలే టీవీ వాళ్ళు వచ్చారు.

హైదరాబాదులోని ఒక ఛానెల్ అంగడి పనివాళ్ళ మీద నవ్వుల సీరియల్ తీస్తోంది. పేరు 'కౌంటర్ నంబర్ మూడు'. పొద్దున అంగడి తెరవక ముందు కొంతసేపు, తెరిచాక ఒక మూలన కొంతసేపు షూటింగు. బోర్డు ప్రతి ఇంట్లోనూ కనిపిస్తుందని చంద్రమోహన్ చోటు ఉచితంగా ఇచ్చాడు. డైరెక్టరు వసంతకుమార్, గడ్డం దువ్వుకుంటూ మాట్లాడే మనిషి, కథ కూడా ఆయనే రాసుకున్నాడు. వ్యాను రాగానే ముందు దించింది కెమెరాలను కాదు, కుర్చీలను. మడత కుర్చీలు, గుడ్డ కుర్చీలు, గొడుగున్న కుర్చీ ఒకటి. ఉరుకుందమ్మ కందిపప్పు డబ్బా మూత పట్టుకుని చూస్తూ నిలబడిపోయింది.

"చూసినావా మే," అంది జ్ఞానమణితో. "లోకంలో కూచ్చోని చేసే పనులు శానా ఉండాయి. మనకే ఎవురూ చెప్పలే."

సీరియల్లో అంగడి మనుషులుగా నటులే వేస్తారు. అసలు అంగడి మనుషులు వెనకాల అటూ ఇటూ తిరగాలి. ఒకరిద్దరికి చిన్న మాటలు కూడా ఇచ్చారు. బిల్లింగు కౌంటర్ వీరేష్‌కు ఇచ్చిన కాగితంలో, కస్టమరు చిల్లర అడగగానే అతను తొడకొట్టి మాట్లాడాలని ఉంది.

"సార్, నేను బిల్లు కొడతా," అన్నాడు వీరేష్. అతనిది ఆదోని వైపు. "తొడ ఏంటికి కొట్టల్ల?"

"సీమ అంటే ప్రేక్షకులు అది ఎదురుచూస్తారు వీరేష్."

"మా అంగట్లో అట్ల కొడితే దుడ్లు ఈడే పెట్టి పారిపోతారు సార్ జనం. సరే, మీ ఇష్టం. ఏ తొడ?"

రోజులు ఇలా సాగుతుండగా చర్చిలో ఉజ్జీవ కూటాలు జరిగాయి. ఉదయం అంగడి, సాయంత్రం కూటం. కూటాలన్నిటా ప్రకటనలు జ్ఞానమణివే. పాటకూ పాటకూ మధ్య లేచి, చదివి, ప్రార్థన చేసి, ఆమెన్. కూటాలు ముగిసిన మరునాడు ఆమె వచ్చి మైకు ముందు కూర్చుంది. మేనేజరు అరుణ్ కుమార్ రాసిచ్చిన ప్రకటన చదవాలి. అరుణ్ కుమార్ రాత ఎప్పుడూ గ్రాంథికమే. అతనూ ఆ చర్చివాడే మరి.

"ప్రియమైన వినియోగదారులకు మనవి. కందిపప్పు, మినప్పప్పు, శనగపప్పులపై నేడు ప్రత్యేక తగ్గింపు కలదు. కుటుంబ సమేతముగా వచ్చి ఈ అవకాశమును వినియోగించుకొనగలరు."

కాగితం అక్కడ అయిపోయింది. గొంతు అయిపోలేదు. పల్లం దొరికిన నీరులా, అలవాటైన దారిలో అదే ముందుకు పోయింది. "ఈ తగ్గింపు మన అందరి కుటుంబములకు ఆశీర్వాదకరముగా ఉండును గాక. ఆమెన్."

సబ్బుల వైపు నుంచి "ఆమెన్" అని వినిపించింది. నూనెల దగ్గర ఇంకొకరు. పై అంతస్తు ప్లాస్టిక్ సామాన్ల నుంచి ఒక మగగొంతు, బిస్కెట్ల దగ్గర కళ్ళు మూసుకున్న ఒక పెద్దావిడ, తలమీద కొంగు కప్పుకుంటూ ఇంకొకావిడ. కర్నూలు చుట్టుపక్కల ఊళ్ళలో చర్చికి పోయేవాళ్ళు తక్కువేం కాదు, సోమవారం సరుకులకు వచ్చేదీ వాళ్ళే. పసుపు కుంకుమలు కొంటున్న దంపతులు ఏం జరిగిందో తెలియక రెండు చేతులూ జోడించారు. వీరేష్ కూడా బిల్లు కొడుతూ కొడుతూ ఆమెన్ అనేసి, తర్వాత మెడలోని ఆంజనేయస్వామి బిళ్ళ తడుముకున్నాడు. ఆ ఒక్క పూటలో కందిపప్పు ఎంత అమ్ముడైందంటే, సాయంత్రానికి పక్క అంగడివాడు వచ్చి ఏ మంత్రం వేశారని అడిగాడట.

చంద్రమోహన్ అప్పటికే ఆమెను గదిలోకి పిలిపించాడు.

"ఇది అంగడా, చర్చా?"

"నోరు జారింది సార్."

"రేపు ఇంగొకరు శుక్రవారం నమాజు చదువుతారు, శనివారం నేను గోవింద కొడతా. బాగుంటాదా? రకరకాలోళ్ళు వస్తారు ఈడికి. నువ్వు మైకు కాడ వద్దులే. రేప్పొద్దున నుంచి మళ్ళా పప్పుల సెక్షన్‌లో..."

తలుపు తోసుకుని వసంతకుమార్ వచ్చాడు. గడ్డం దువ్వుకోవడం కూడా మరిచిపోయాడు.

"చంద్రమోహన్ గారూ, అది బంగారం. ఇన్నాళ్ళుగా నేను రాయలేకపోయిన సీను అదే. ఈమె చేత కెమెరా ముందు అదే మాట అనిపిస్తే, మిగతా సీరియల్ అంతా మీ అంగట్లోనే తీస్తాను. ప్రతి ఎపిసోడ్ మీ బోర్డుతోనే మొదలవుతుంది."

చంద్రమోహన్ వాక్యం సగంలో ఆగి ఉంది. ఆ సగాన్ని వదిలేసి, కొత్తది మొదలుపెట్టాడు.

"పప్పుల సెక్షన్‌లో ఏముండాది లే జ్ఞానమణీ. కాళ్ళనొప్పులు. నువ్వు ఆ మాట టీవీలో చెప్పు, కుర్చీ నీకే రాసిచ్చినట్ల అనుకో. చెప్పకపోతే నీ ఇష్టం."

కష్టమైన బేరమేమీ కాదు. ఒక్క మాట. గంట కిందట ఊరికే అన్న మాట. కుర్చీ ఉంటే కాలు ఉంటుంది, కాలు ఉంటే ఉద్యోగం ఉంటుంది. జ్ఞానమణి సరేనని తల ఊపింది.

మరునాడు పొద్దున మైకు ముందు లైట్లు పెట్టారు. వసంతకుమార్ కాగితం ఇచ్చాడు. అందులో ఇలా ఉంది: "పుచ్చిపోయిన పప్పు మార్చుకోవచ్చు. పుచ్చిపోయిన మొగుణ్ణి మార్చుకోలేరు. సర్దుకుపోండి. ఆమెన్."

జ్ఞానమణి మొదటి మూడు మాటలూ బాగా చెప్పింది. నాలుగో మాట దగ్గర నోరు తెరుచుకుంది గాని శబ్దం రాలేదు. గూడ్సు బండిని ఆపిన గొంతు ఒక్క మాటకు ఆగిపోయింది. ఇంకోసారి చేశారు. మళ్ళీ అంతే. మంచినీళ్ళిచ్చి చేశారు. మైకు పెద్ద చేసి చేశారు. మైకులో ఆమె ఊపిరి మాత్రం ఊరంతా వినిపించింది.

"నిన్న అన్నారు కదమ్మా," అన్నాడు వసంతకుమార్.

"నిన్న అదే వచ్చింది సార్. ఇప్పుడు నేను తేవల్ల."

"రెండూ ఒకటే కదా, వినేవాళ్ళకు."

"వినేటాయనకు తెలుస్తాది సార్."

సీరియల్ నటి, మంచి అమ్మాయి, తానే చెబుతానని ముందుకొచ్చింది. చక్కగా చెప్పింది కూడా. అంగట్లో ఒక్కరూ బదులు పలకలేదు. వసంతకుమార్ తల అడ్డంగా ఊపాడు. రేపటిదాకా చూస్తానని, రేపు కూడా కుదరకపోతే సీను మార్చేసి ఇంకో ఊళ్ళో తీసుకుంటానని చెప్పాడు. చంద్రమోహన్ కుర్చీని ఒకసారి, పప్పుల సెక్షన్‌ను ఒకసారి చూసి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం జ్ఞానమణి వేడినీళ్ళ బకెట్లో కాళ్ళు పెట్టుకుని కూర్చుంది. విశ్వాసమ్మ ఎదురుగా చింతకాయలు కొడుతోంది. సంగతి మొత్తం విన్నాక అడిగింది.

"ఆమెన్ అంటే ఏమి మే?"

"అట్లనే జరుగును గాక అని అత్తా. నీకు తెలీదా?"

"నాకు తెలుసు, నీకు తెలుసో లేదో అని. మొగుణ్ణి మార్చుకోలేరంట, అట్లనే జరుగును గాక అంట. నా కొడుక్కి లాభమే గదా, చెప్పేసేది ఉండె."

"అత్తా, నగులాట గాదు ఇది."

యేసుప్రసాద్ పక్క గదిలోంచి, "ఎవురు ఎవుర్ని మార్చేది?" అని కేకేశాడు. అతనికి ఆ ఒక్క మాటే వినబడింది.

"నిన్ను గాదులే, గమ్మునుండు," అని తల్లి కేకేసి, కోడలి వైపు తిరిగింది. "నాకు చదువు లేదు గాని మే, ఇది మటుకు తెలుసు. ముందు అడగల్ల, తర్వాత ఆమెన్ అనల్ల. ఏమీ అడక్కుండా ఆమెన్ అంటే, బువ్వ తినకుండా చెయ్యి కడుక్కున్నట్ల ఉంటాది. నువ్వు మైకు కాడ కూచ్చోని నిజంగా ఒకటి అడుగు. ఆమెన్ అదే వస్తాది. వాళ్ళు నవ్వుకుంటారో ఏడుస్తారో వాళ్ళ యాపారం."

"ఏమడగల్ల?"

విశ్వాసమ్మ బకెట్లోని కాళ్ళ వైపు చూసి, మళ్ళీ చింతకాయలు కొట్టింది.

మర్నాడు జ్ఞానమణి ఒక్క మాటే అడిగింది వసంతకుమార్‌ను. "ఆమెన్‌కు ముందు మాటలు నేనే చెప్పుకుంటా సార్. ఆమెన్ మీరు తీసుకోండి." వసంతకుమార్‌కు అభ్యంతరం లేదు. ముందు మాటలు కత్తిరించుకోవచ్చు. కెమెరా తిరిగింది. ఉద్యోగులందరూ ఎవరి చోట వాళ్ళు నిలబడి ఉన్నారు. చంద్రమోహన్ డైరెక్టరు పక్కన గొడుగు కుర్చీలో కూర్చున్నాడు. జ్ఞానమణి కొంగు తలమీదికి లాక్కుని, కళ్ళు మూసుకుంది.

"ప్రేమగల తండ్రీ, నీ సన్నిధికి వచ్చినాము. ఈ అంగట్లో పొద్దున నుంచి రాత్రి వరకు నిలబడిన నీ బిడ్డలను జ్ఞాపకం చేసుకో తండ్రీ. పప్పుల కాడ ఉరుకుందమ్మ మోకాళ్ళను జ్ఞాపకం చేసుకో. బిల్లు కొట్టే వీరేష్ కొంగ మాదిరి ఒక్క కాలి మీద నిలబడుకొని, ఇంగొక కాలికి సెలవు ఇస్తాడు. వాని రెండు కాళ్ళనూ జ్ఞాపకం చేసుకో. మా అందరికీ కూచునే చోటు దయచేయి తండ్రీ. ఈ అంగడి యజమాని చంద్రమోహన్ గారు, ఎమ్మిగనూరు రామలింగప్ప గారి కుమారుడు. వాళ్ళ నాయన మగ్గం గుంటలో కూర్చొనే పని చేసి బిడ్డను ఇంతవాణ్ణి చేసినాడు. కూర్చున్నా పని జరుగుతాదని ఆయన మనసుకు నువ్వే తెలియజేయాలని యేసు నామమున అడిగి వేడుకొనుచున్నాము పరమ తండ్రీ, ఆమెన్."

ఆమెన్ దానంతట అదే వచ్చింది. పావురాలు అంగట్లో లేవు గాని, పైవరుసలోని అప్పడాల ప్యాకెట్లు కొన్ని జారి పడ్డాయి. ఉరుకుందమ్మ ఆమెన్ అంది. వీరేష్, ఈసారి తెలిసే, ఆమెన్ అన్నాడు. మాంసం కౌంటరు మస్తాన్ అన్నాడు. గేటు దగ్గర వాచ్‌మన్ అన్నాడు. టీవీ వాళ్ళ లైట్‌బాయ్, దీపం మోస్తూ నిలబడి ఉన్నవాడు, అందరికంటే గట్టిగా అన్నాడు.

వసంతకుమార్ చప్పట్లు కొట్టాడు. చంద్రమోహన్ కుర్చీలోంచి లేచాడు. ఆ క్షణంలో ఆ కుర్చీ అతనికి అంత సుఖంగా లేదు.

"మా నాయన పేరు ఏంటికి తెస్తివి?"

"గుర్తు చెప్పల్ల గదా సార్. చంద్రమోహన్లు శానామంది ఉండారు."

"నన్నడక్కుండా పైనున్న ఆయప్పను అడుగుతావా?"

"మిమ్మల్ని అంతకుముందు అడిగినాం సార్, ఉరుకుందమ్మ అడిగె, నేను అడిగితి. మీరు ఫోన్లో ఉన్న్యారు."

చంద్రమోహన్ చెడ్డవాడు కాదు, ఇచ్చిన మాట తప్పేవాడూ కాదు. కాసేపు వేళ్ళు విరుచుకుని, "సరే. ఆమెన్ చెప్తే కుర్చీ నీదన్న్యా. నీదే. మిగతా ప్రార్థన నా లెక్కలోకి రాదు," అన్నాడు.

ఇక్కడే జ్ఞానమణి ఇరుక్కుంది. కుర్చీలోంచి లేచి, దాన్ని ఒకసారి తన వైపు లాక్కుని, మళ్ళీ దాని చోటికే తోసింది.

"కుదరదు సార్," అంది చివరికి. "అందరికీ అని అడిగినా. అందరూ ఆమెన్ అన్న్యారు. ఇప్పుడు నేనొక్కదాన్నే కూచ్చుంటే నిన్న కాగితంలోని ఆమెన్ మాదిరే ఉత్తదయిపాయె గదా."

"కాళ్ళు ఎవరివి?"

"కాళ్ళు నావే సార్. ఆమెన్ అందరిది."

ఆ రోజు నుంచి ఆమె మైకు కౌంటర్ దగ్గర నిలబడే పనిచేసింది. వైరు పొట్టిది కదా, ప్రతి ప్రకటనకూ నడుము వంచి, కుర్చీ పక్క నుంచి మెడ చాచి చెప్పేది. కుర్చీ మాత్రం ఖాళీగా, విరిగిన చేయి వైపు కొంచెం ఒరిగి, అక్కడే ఉంది. సాయంత్రాలకు పాదాలు ఉబ్బి చెప్పులు పట్టేవి కావు. విశ్వాసమ్మ బకెట్లో నీళ్ళు పోస్తూ, "అడగమంటి గాని, అడిగింది రాకముందే ఉన్నది గూడ ఇడిచిపెట్టమంటినా?" అని సణిగేది.

సీరియల్ వచ్చింది. వసంతకుమార్ చెప్పినట్టే ప్రార్థన మొత్తం కత్తిరించి, పుచ్చిపోయిన మొగుడి మాటలు నటి చేత చెప్పించి, వాటి చివర జ్ఞానమణి ఆమెన్ అతికించాడు. చర్చిలో సంఘపెద్ద ప్రేమయ్య ఆమెను పక్కకు పిలిచాడు.

"అది నువ్వే గదమ్మా?"

"ఆమెన్ నాదే అయ్యగారూ. ముందర మాటలు నావి గావు."

"మరి నీవి ఏమాయె?"

"కోసినారు."

"పైన కొయ్యరులే," అని ప్రేమయ్య ప్రకటనల కాగితం మళ్ళీ ఆమెకే ఇచ్చాడు.

సీరియల్ చూసిన జనం అంగడికి రావడం మొదలైంది. వచ్చినవాళ్ళు ఆమెన్ అక్క ఎక్కడని అడుగుతారు. చూస్తే ఆ అక్క నడుము వంచి నిలబడి ఉంటుంది, పక్కన ఖాళీ కుర్చీ. "కూర్చోక ఏమ్మా?" అని అడగని మనిషి లేడు. జ్ఞానమణి అబద్ధం చెప్పదు. "అందరికీ ఇచ్చినప్పుడు కూచ్చుంటా అన్న్యా" అని మెల్లగా చెప్పేది, అంటే సబ్బుల దాకా వినబడేది. వాళ్ళు తలెత్తి, నిలబడిన ఉద్యోగులందర్నీ ఒకరి తర్వాత ఒకర్ని చూసేవాళ్ళు. ఎప్పుడూ చూడనివాళ్ళు కూడా చూసేవాళ్ళు. నందికొట్కూరు నుంచి వచ్చిన ఒక రైతు, తన సంచీ కింద పెట్టి, ఉరుకుందమ్మను ఆ సంచీ మీద కూర్చోమని బతిమాలాడట. అందులో గుడ్లున్నాయని అతనికి గుర్తులేదట.

చంద్రమోహన్‌కు ఖాళీ కుర్చీ కంటిలో నలుసైంది. తీసేయిద్దామంటే అదెక్కడ అని అడుగుతారు. ఉంచుదామంటే ఖాళీగా ఎందుకని అడుగుతారు. ఆలోచించి ఆలోచించి, ఒక సోమవారం తానే వచ్చి అందులో కూర్చున్నాడు. కుర్చీ నిండితే అడిగేవాళ్ళుండరని అతని లెక్క.

అతను ఆ అంగట్లో అంతకు ముందు ఎప్పుడూ నడుస్తూనో, గదిలోనో ఉన్నాడు గాని, ఆ చోట కూర్చోలేదు. కూర్చుంటే అన్నీ వేరే ఎత్తులో కనిపించాయి. బల్ల కింద నుంచి వరసల మధ్య అన్నీ కాళ్ళే. వీరేష్ కుడికాలికి సెలవు. ఉరుకుందమ్మ మడమలు చెప్పుల్లోంచి బయటికి ఉబికి ఉన్నాయి. వచ్చినవాళ్ళు ఎదురుగా నిలబడి, "ఆమెన్ అక్క కుర్చీలో మీరు ఏంటికి కూచున్న్యారప్పా?" అని అడిగారు. ఒకామె ఫోటో తీసుకుంటానని లేవమంది. మధ్యాహ్నానికి అతను లేచి, బండి తీసుకుని వెళ్ళాడు.

సాయంత్రం ఆటోలో స్టూళ్ళు వచ్చాయి. ప్లాస్టిక్‌వి, ఎర్రవి. మనిషికి ఒకటి కాదు, ఇద్దరికి ఒకటి. చంద్రమోహన్ వాటిని దించుతూ షరతులు చెప్పాడు. ఒకరు కూర్చుంటే ఒకరు నిలబడాలి. కస్టమరు వస్తే లేవాలి. స్టూలు మీద నిద్రపోతే స్టూలు వెనక్కి తీసుకుంటాడు. తీసుకునేది స్టూలునా మనిషినా అని వీరేష్ అడిగాడు. చంద్రమోహన్ ఇంకో స్టూలు దించాడు.

"ఇంగ కూచ్చోవచ్చా?" అన్నాడు చంద్రమోహన్ జ్ఞానమణి వైపు చూడకుండా.

"ఇద్దరికి ఒకటే ఉండాది గదా సార్."

"జ్ఞానమణీ," అన్నాడు అతను.

"అంటే, సగమన్నా వచ్చె అంటాండా సార్."

ఆమె మాత్రం వెంటనే కూర్చోలేదు. స్టూలు పప్పుల సెక్షన్‌కు చేరేదాకా చూసింది. ఉరుకుందమ్మ దాన్ని కొంగుతో తుడిచి, చుట్టూ ఒకసారి చూసి, మెల్లగా కూర్చుని, రెండు కాళ్ళూ ముందుకు చాపింది. అప్పుడు జ్ఞానమణి చక్రాల కుర్చీలో వెనక్కి వాలింది. కళ్ళు మూసుకుంది. ఎవరికీ వినబడకుండా ఏదో అనుకుంది, లేదా నిజంగా ఏమీ అనుకోలేదు.

"ఇది పొట్టిగుండాది మే," అని పప్పుల సెక్షన్ నుంచి ఉరుకుందమ్మ కేకేసింది. "కూచ్చుంటే మినప్పప్పు డబ్బా అందడం లే."

"ఎత్తు స్టూలు కోసరం ఇంగొకసారి అడగమంటావా?"

"వద్దు తల్లీ. ఈసారి ఎవురి నాయన పేరు తెస్తావో ఏమో. నేను ముందు మినప్పప్పునే కింది వరసకు దింపుకుంటా."